పదాల వెనుక ప్రజాజీవితం

పాఠ్యభాగ పరిచయం

ప్రక్రియ : వ్యాసం. ఒక విషయాన్ని ఎన్నుకొని, దానిని క్రమపద్ధతిలో వివరించి, సహేతుకమైన నిర్ణయానికి రావడం వ్యాస లక్షణం.

ఉద్దేశం : ఒక సమాజం నేడు ఎదుర్కొంటున్న సమస్యలను, వాటి చారిత్రక మూలాలను తెలుసుకొంటూ ఆ సమాజపు భాషను నేర్చుకొనే పద్ధతిని ఫ్రెంచి భాష ఆధారంగా వివరించడం. ఆ వెలుగులో మన భాషను, మన సమాజాన్ని పరిశీలించే దృష్టిని విద్యార్థులలో కలిగించడం.

సూచన : ఫ్రెంచి పదాలలోని నాసికాధ్వనిని తెలుపడానికి ఈ పాఠంలో అరసున్నను వాడటమైనది.

పాఠ్యభాగం

మన జూనియర్ కళాశాలల్లో ద్వితీయ భాషగా ఫ్రెంచిని ఎంచుకొనే విద్యార్థులు ఏటా కనిపిస్తారు. మార్కులు ఎక్కువగా వస్తాయన్నది వారిలో పలువురు చెప్పే కారణం. క్రియారూపాల పట్టికలను కంఠస్థం చేస్తారు. హోటలులో భోజనం అడగడం, రైల్వేస్టేషనుకు దారి అడగడం అభ్యసిస్తారు. పరీక్ష ముగిసిన కొద్దికాలానికే అంతా మరచిపోతారు. ఇది విద్యార్థుల తెలివితేటలలోని లోపం కాదు. పదాన్ని దానిని పలికిన మనుషుల నుండి వేరుచేసి బోధించడమే ఈ మరపునకు మూలం.

ఒక పదం ఎప్పుడు పుట్టింది, ఎవరి నోట పలికింది, ఎవరిపై ప్రయోగించబడింది అని అడుగుతూ నేర్చుకొంటే భాష మనసులో నిలుస్తుంది. ఫ్రెంచి వార్తాపత్రికలో నేడు తరచుగా కనిపించే కొన్ని పదాలను తీసుకొని ఈ విధానాన్ని పరిశీలిద్దాం.

సిత్వాయాఁ - సిత్వాయెన్

'సిత్వాయాఁ' అంటే పౌరుడు. 'సిత్వాయెన్' అంటే పౌరురాలు. 1789 జూలై 14న పారిస్ ప్రజలు బాస్తీయ్ కోటను పట్టుకొన్నారు. అదే సంవత్సరం ఆగస్టు 26న మానవ, పౌర హక్కుల ప్రకటన వెలువడింది. రాజుకు ప్రజగా ఉన్నవాడు పౌరుడుగా మారాడు. 'అయ్యా', 'అమ్మా' అనే మర్యాద పిలుపులను తొలగించి, అందరూ ఒకరినొకరు 'పౌరుడా', 'పౌరురాలా' అని పిలుచుకొన్నారు. మన 'నీవు', 'మీరు' వంటివే ఫ్రెంచిలోని 'త్యు', 'వూ'. 1793లో అందరినీ 'త్యు' అనే పిలవాలని విప్లవకారులు ఉద్యమించారు. ఆ వాడుక ఎంతోకాలం నిలువలేదు. సంబోధనలో సమానత్వాన్ని తెస్తే సమాజంలోకీ సమానత్వం వస్తుందని వారు ఆశించారు.

అయితే పౌరురాలు అన్న పిలుపు వచ్చినంత త్వరగా పౌరురాలి హక్కులు రాలేదు. హక్కుల ప్రకటనలో స్త్రీకి చోటు లేదని గుర్తించిన ఒలాఁప్ ద గూజ్ అనే రచయిత్రి 1791లో 'స్త్రీల, పౌరురాండ్ర హక్కుల ప్రకటన'ను రచించింది. 1793 నవంబరు 3న ఆమెకు మరణశిక్ష అమలయింది. ఫ్రాన్సులో స్త్రీలకు ఓటుహక్కు 1944లో లభించింది. 1945 ఏప్రిల్‌లో జరిగిన పురపాలక ఎన్నికలలో వారు తొలిసారి ఓటు వేశారు. విప్లవానికీ ఓటుహక్కుకూ నడుమ 155 సంవత్సరాలు గడిచాయి. భర్త అనుమతి లేకుండా ఉద్యోగం చేసే స్వేచ్ఛ వివాహితకు 1965 నాటి చట్టంతో వచ్చింది. ఎన్నికల అభ్యర్థులలో స్త్రీపురుషుల సమానసంఖ్యను కోరే చట్టం 2000లో వెలువడింది.

ఈ చరిత్ర తెలిసినవారికి ఫ్రెంచి వ్యాకరణంలోని లింగ నియమం మరొకవిధంగా కనిపిస్తుంది. నూరుమంది స్త్రీలున్న బృందంలో ఒక్క పురుషుడు చేరినా సర్వనామం పుంలింగ బహువచనం కావలసిందే. మంత్రి, న్యాయవాది, రచయిత వంటి వృత్తినామాలకు స్త్రీలింగ రూపాలు వాడవచ్చునా అన్న వివాదం దశాబ్దాలపాటు సాగింది. చిరకాలం వాటిని వ్యతిరేకించిన ఫ్రెంచి అకాడమీ 2019లో వాటిని అంగీకరించింది. అవివాహితను వేరుచేసి చూపే 'మాద్మ్వాజెల్' అనే మాటను 2012లో ప్రభుత్వ పత్రాల నుండి తొలగించారు.

ఇక మన భాష సంగతి చూద్దాం. తెలుగులో 'అతడు వచ్చాడు' అంటాం. 'ఆమె వచ్చింది', 'ఆవు వచ్చింది' అంటాం. ఏకవచనంలో స్త్రీకి అమహద్వాచక క్రియయే చెల్లుతున్నది. బహువచనంలో మాత్రం స్త్రీలు పురుషులతో కలిసి 'వారు వచ్చారు' అవుతారు. చిన్నప్పటి నుండి పలుకుతున్న ఈ వాక్యాలను మనం ఎన్నడైనా పరిశీలించామా? పరభాషాధ్యయనం మన భాషను మనకు కొత్తగా చూపుతుందనడానికి ఇది నిదర్శనం.

గ్రెవ్

'గ్రెవ్' అంటే నేటి ఫ్రెంచిలో సమ్మె. దీని అసలు అర్థం ఇసుక, గులకరాళ్ళు నిండిన ఒడ్డు. పారిస్‌లో సేన్ నదీతీరాన ఒకప్పుడు 'ప్లాస్ ద గ్రెవ్' అనే మైదానం ఉండేది. పడవలలో వచ్చిన సరుకు అక్కడ దిగేది. పని వెదుక్కొనే కూలీలు తెల్లవారేసరికి అక్కడ చేరేవారు. హైదరాబాదులోను, మన ఇతర పట్టణాలలోను ఉదయంపూట కూడళ్ళలో తాపీ, పార పట్టుకొని నిలబడే అడ్డా కూలీలను చూసినవారికి ఆ దృశ్యం సులభంగా అర్థమవుతుంది. 'గ్రెవ్‌లో ఉండటం' అంటే తొలుత పనికోసం ఎదురుచూడటం. పందొమ్మిదవ శతాబ్దంలో అది మెరుగైన కూలికోసం పని మానివేయడం అనే అర్థానికి మారింది. పని లేకపోవడాన్ని తెలిపిన మాట పని నిరాకరించడాన్ని తెలిపే మాటగా రూపొందడంలో శ్రామికుల చరిత్ర ఇమిడి ఉంది.

స్వేచ్ఛను ప్రకటించిన విప్లవ ప్రభుత్వమే 1791లో ల షాపెలియే చట్టంతో కార్మికులు సంఘటితం కావడాన్ని నిషేధించింది. 1864లో సమ్మె నేరం కాకుండా పోయింది. 1884లో కార్మిక సంఘాలకు చట్టబద్ధత లభించింది. 1936 నాటి సమ్మెల ఫలితంగా కార్మికులకు ఏడాదికి రెండువారాల వేతన సెలవు, వారానికి 40 గంటల పని నిర్ణయమైనాయి. 1946 రాజ్యాంగ పీఠిక సమ్మె హక్కును గుర్తించింది. 2006లో యువ ఉద్యోగులను తొలి రెండేళ్ళలో కారణం చెప్పకుండా తొలగించడానికి వీలు కల్పించే చట్టాన్ని విద్యార్థులు ప్రతిఘటించగా ప్రభుత్వం దానిని ఉపసంహరించుకొన్నది. 2023లో పదవీ విరమణ వయస్సును 62 నుండి 64కు పెంచడానికి వ్యతిరేకంగా లక్షలాదిమంది వీధులలోకి వచ్చారు. ఈ పరంపర తెలియనివారికి ఫ్రెంచివారు ఊరికే సమ్మెలు చేస్తారనిపిస్తుంది. తెలిసినవారికి ప్రతి సెలవు దినం వెనుక ఒక పోరాటం కనిపిస్తుంది.

కొర్వే - ఆఁగజే

నేటి ఫ్రెంచి ఇంటిలో గిన్నెలు తోమడం వంటి విసుగు పుట్టించే పనిని 'కొర్వే' అంటారు. ఒకప్పుడు అది రైతు తన ప్రభువునకు కూలి లేకుండా చేయవలసిన పని. మన వెట్టికి అది సరియైన మాట. 1789 ఆగస్టు 4 రాత్రి జరిగిన సభలో ప్రభువుల ప్రత్యేక హక్కుల రద్దుకు నాంది పలికారు. అయితే ఫ్రాన్సులో అంతరించిన నిర్బంధ శ్రమ ఆఫ్రికాలోని ఫ్రెంచి వలసలలో వేర్వేరు పేర్లతో కొనసాగింది. 1921 - 1934 సంవత్సరాల నడుమ కాంగోలో రైలుమార్గాన్ని నిర్మించినప్పుడు బలవంతంగా పనికి తెచ్చిన కూలీలు వేలసంఖ్యలో మరణించారు. వలసలలో నిర్బంధ శ్రమను రద్దుచేసిన చట్టం 1946 ఏప్రిల్ 11న వచ్చింది.

'ఆఁగజే' కథ మనకు మరింత దగ్గరిది. 'గాజ్' అంటే తాకట్టు, హామీ. 'ఆఁగజే' అంటే మాటకు, ఒప్పందానికి కట్టుబడినవాడు. ఇరవయ్యవ శతాబ్దంలో సార్త్ర్ వంటి రచయితల వలన ఈ పదానికి సమాజం పట్ల నిబద్ధత కలవాడు అనే గౌరవార్థం వచ్చింది. కాని అంతకు ముందే వలసల కాగితాలలో ఈ పదానికి ఒప్పందపు కూలీ అని అర్థం.

చక్కెర తోటలున్న ఫ్రెంచి ద్వీపాలు బానిసల శ్రమపై వర్ధిల్లాయి. బానిసలను చరాస్తిగా పరిగణించిన 'నల్ల చట్టం' 1685 నాటిది. విప్లవకాలంలో, 1794లో, బానిసత్వాన్ని రద్దుచేశారు. 1802లో నెపోలియన్ దానిని పునరుద్ధరించాడు. హైతీ ద్వీపవాసులు మాత్రం పోరాడి 1804లో స్వతంత్రులయ్యారు. ఆ స్వాతంత్ర్యాన్ని గుర్తించడానికి ఫ్రాన్సు 1825లో వారిపై 15 కోట్ల ఫ్రాంకుల పరిహారం విధించింది. తక్కిన ఫ్రెంచి వలసలలో బానిస విముక్తి 1848 ఏప్రిల్ 27 నాటి శాసనంతో జరిగింది.

విముక్తులైన బానిసలు తోటలను విడిచిపోతే ఆ పని ఎవరు చేయాలి? తోటల యజమానుల చూపు భారతదేశంపై పడింది. నిజానికి విముక్తికి ముందే, 1828 - 29 ప్రాంతంలోనే, హిందూ మహాసముద్రంలోని బూర్‌బోఁ ద్వీపానికి యానాం నుండి తెలుగు కూలీలను తరలించారు. అదే నేటి రెయూనియోఁ. 1860 నాటి ఆంగ్ల - ఫ్రెంచి ఒప్పందంతో బ్రిటిషు ఇండియా నుండి కూడ కూలీలను తీసుకుపోవడానికి వీలు కలిగింది. రెయూనియోఁకు వెళ్ళిన దక్షిణ భారతీయుల సంతతిని అక్కడివారు నేటికీ 'మల్బార్'లు అంటారు. వెళ్ళినవారిలో తమిళులున్నారు, తెలుగువారున్నారు. ఆ పిలుపులో మాత్రం వారి ఊరు లేదు, భాష లేదు.

బానిసవ్యాపారం, బానిసత్వం మానవాళిపట్ల జరిగిన నేరాలని ఫ్రాన్సు 2001 మే 21 నాటి చట్టంలో ప్రకటించింది. 2006 నుండి మే 10ని సంస్మరణ దినంగా పాటిస్తున్నది. ఆ దినాన వెలువడే వ్యాసాలలో 'ఆఁగజే' అనే మాట ఎదురైనప్పుడు, గోదావరి ఒడ్డున ఓడ ఎక్కిన కూలీ తెలుగు విద్యార్థికి గుర్తుకు రావాలి.

లాయిసితే

రాజ్యం మతానికి అతీతంగా ఉండాలనే సిద్ధాంతం 'లాయిసితే'. గ్రీకు భాషలో 'లావోస్' అంటే జనం. మతాచార్యులు కాని సామాన్య జనానికి సంబంధించినది అని ఈ పదానికి మూలార్థం. లోకం నుండి వచ్చిన 'లౌకికం' అనే మాట కూడ ఇటువంటిదే. ఫ్రాన్సులో విద్య, పెండ్లి, మరణం అన్నీ ఒకప్పుడు క్యాథలిక్ చర్చి ఆధీనంలో ఉండేవి. 1881, 1882 సంవత్సరాలలో జూల్ ఫెర్రీ తెచ్చిన చట్టాలు ప్రాథమిక విద్యను ఉచితం, నిర్బంధం, మతరహితం చేశాయి. 1905 డిసెంబరు 9 నాటి చట్టం చర్చిని, రాజ్యాన్ని వేరుచేసింది. అప్పుడు జర్మనీ పాలనలో ఉన్న ఆల్సాస్ ప్రాంతానికి ఆ చట్టం నేటికీ వర్తించదు.

ప్రభుత్వ పాఠశాలలలో మతచిహ్నాలను ప్రస్ఫుటంగా ధరించరాదని 2004 మార్చి 15న మరొక చట్టం వచ్చింది. ముస్లిం బాలికల శిరోవస్త్రం, సిక్కు బాలుర తలపాగా దీని పరిధిలోకి వచ్చాయి. బడిలో బిడ్డలందరూ సమానులుగా కనిపించాలని కొందరు దీనిని సమర్థించారు. చర్చి అధికారాన్ని అదుపు చేయడానికి పుట్టిన సిద్ధాంతం అల్పసంఖ్యాకుల బిడ్డలపై భారమైనదని కొందరు విమర్శించారు. భారత రాజ్యాంగం అన్ని మతాలను సమానంగా ఆదరించే మార్గాన్ని అనుసరించింది. కాబట్టి 'లాయిసితే'ను 'లౌకికవాదం' అని అనువదించి ఊరుకొంటే అర్థం సగమే తెలుస్తుంది. మిగిలిన సగాన్ని చరిత్ర చెప్పాలి.

బాఁల్యో

'బాఁ' అంటే ప్రభువు చాటించే ఆజ్ఞ. 'ల్యో' అంటే ఆమడ వంటి దూరమానం. నగరం చుట్టూ ఒక ఆమడ మేర, నగరాధికారుల ఆజ్ఞ చెల్లే ప్రాంతాన్ని మధ్యయుగాలలో 'బాఁల్యో' అన్నారు. నేడు ఆ మాటకు నగర శివారు అని అర్థం. శివారులన్నీ బీదవి కావు. అయినా వార్తలలో ఈ పదం వినగానే వలస కుటుంబాలు నివసించే ఎత్తైన గృహసముదాయాలు ఫ్రెంచివారి మనసులో మెదలుతాయి.

రెండవ ప్రపంచయుద్ధానంతరం దాదాపు ముప్పై సంవత్సరాలపాటు ఫ్రాన్సు పరిశ్రమలు విస్తరించాయి. అల్జీరియా, మొరాకో, పోర్చుగల్ మొదలైన దేశాల నుండి కార్మికులు వచ్చారు. 1830లో ఫ్రాన్సు ఆక్రమించిన అల్జీరియా, 1954 నుండి 1962 వరకు యుద్ధం చేసి స్వతంత్రమయింది. ఆ యుద్ధపు గాయాలు రెండు వైపులా మిగిలాయి. 1970ల తరువాత పరిశ్రమలు మూతపడగా, కార్మికుల కోసం కట్టిన శివారులలో నిరుద్యోగం స్థిరపడింది. కార్మికుల బిడ్డలు ఫ్రాన్సులోనే పుట్టారు, ఫ్రెంచి బడులలోనే చదివారు. అయినా పేరును, చిరునామాను చూసి ఉద్యోగం నిరాకరిస్తున్నారని వారు వాపోయారు. 1983లో ఈ యువకులు సమానత్వం కోరుతూ మార్సేయ్ నుండి పారిస్ వరకు పాదయాత్ర చేశారు.

2005 అక్టోబరు 27న పారిస్ శివారైన క్లిషీ - సు - బ్వాలో పోలీసులకు భయపడి పారిపోయిన ఇద్దరు బాలురు విద్యుత్ ఉపకేంద్రంలో దాగి, విద్యుదాఘాతంతో మరణించారు. దాదాపు మూడు వారాలు దేశంలోని శివారులు అట్టుడికిపోయాయి. నవంబరు 8న ప్రభుత్వం అత్యవసర పరిస్థితిని ప్రకటించింది. అందుకు ఆధారమైన చట్టం 1955 నాటిది. అల్జీరియా యుద్ధం కోసం చేసినది. యాభై సంవత్సరాల క్రితం తాతల కాలంలో ప్రయోగించిన చట్టాన్నే మనుమల కాలంలో మళ్ళీ ప్రయోగించారు. 2023 జూన్‌లో నాఁతేర్‌లో పోలీసు కాల్పులలో ఒక బాలుడు మరణించినప్పుడు శివారులు మరల రగిలాయి.

ఫ్రాన్సు తన పౌరులను జాతి, మతం ప్రాతిపదికన లెక్కించదు. రాజ్యాంగం దృష్టిలో అందరూ పౌరులే అన్నది ఆ దేశపు సూత్రం. లెక్కించనిదే వివక్షను ఎలా కొలుస్తామని విమర్శకులు ప్రశ్నిస్తారు. జనాభా లెక్కలలో షెడ్యూల్డు కులాల, తెగల వివరాలను సేకరించి, వాటి ఆధారంగా ప్రాతినిధ్యం కల్పించే దేశం మనది. ఏది సరియైన మార్గమన్న చర్చ రెండు చోట్లా ముగియలేదు. ఊరికి దూరంగా ఉన్న వాడలను గురించి చెప్పవలసి వచ్చినప్పుడు మన భాషలో ఎటువంటి మాటలున్నాయో తలచుకొంటే, 'బాఁల్యో' అన్న మాట మోసే భారం మనకు తెలుస్తుంది.

ఆ శివారుల యువకులు భాషకు కొత్త సంపదను కూడ ఇచ్చారు. అక్షరాలను తారుమారు చేసి పలికే 'వెర్లాఁ' అనే వాడుక వారి నోట వర్ధిల్లింది. 'తలక్రిందులు' అనే అర్థం గల 'లాఁవెర్' తిరగబడి 'వెర్లాఁ' అయింది. ఒకప్పుడు మొరటు మాటలనిపించుకొన్న ఇటువంటి పదాలు కొన్ని నేడు నిఘంటువులకెక్కాయి.

పత్వా

చదువురాని పల్లెవాని మాట అన్న తిరస్కారంతో వాడే పదం 'పత్వా'. ఫ్రాన్సులో బ్రెతోఁ, ఆక్సితాన్, బాస్క్ మొదలైన భాషలు ఎన్నో ఉండేవి. 1794లో గ్రెగ్వార్ అనే మతాచార్యుడు వీటిని నిర్మూలించి, ఫ్రెంచిని సార్వత్రికం చేయాలని సభకు నివేదించాడు. సమాన హక్కులు కావాలంటే చట్టాల భాష అందరికీ తెలియాలన్నది ఆయన వాదం. ఉద్దేశం సమానత్వమే, మార్గం నిర్మూలనం. తరువాతి కాలపు బడులలో ఇంటిభాష మాట్లాడిన పిల్లవాని మెడలో అవమాన చిహ్నంగా ఒక వస్తువును వేలాడదీసేవారు. ఆ భాష మాట్లాడే మరొక పిల్లవాడు దొరికేదాకా దానిని మోయవలసిందే. అంటే తోటివారిపై నిఘా వేయడం కూడ బడిలోనే నేర్పారు.

1951 నాటి చట్టం కొన్ని ప్రాంతీయ భాషల బోధనకు అనుమతినిచ్చింది. 1977 నుండి బ్రెతోఁ మాధ్యమ పాఠశాలలు వెలిశాయి. ప్రాంతీయ భాషలు ఫ్రాన్సు వారసత్వ సంపద అని 2008లో రాజ్యాంగంలో చేర్చారు. అప్పటికి ఆ భాషలను తల్లి ఒడిలో నేర్చుకొన్నవారు చాలవరకు వృద్ధులైనారు. తెలుగు మాట్లాడినందుకు పిల్లలకు జరిమానా విధించే బడులను గురించి వార్తలు చదివిన మనకు ఈ చరిత్ర ఒక హెచ్చరిక. భాష చట్టంతో చచ్చిపోదు, సిగ్గుతో చచ్చిపోతుంది.

అధ్యయన విధానం

పై ఉదాహరణలను బట్టి పరభాషను నేర్చుకొనే విద్యార్థి ప్రతి ముఖ్యపదం వద్ద నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి. ఈ పదానికి మూలార్థం ఏమి? అర్థం ఎప్పుడు, ఏ సంఘటన వలన మారింది? ఈ పదాన్ని అధికారంలో ఉన్నవారు ఎలా వాడారు, బాధితులు ఎలా వాడారు? దీనికి మన సమాజంలో సమానమైన అనుభవం ఉన్నదా?

ఇందులో ఒక జాగ్రత్త కూడ అవసరం. ఒక పదాన్ని పట్టుకొని ఒక జాతినంతటినీ అంచనా వేయరాదు. గ్రెగ్వార్‌నే తీసుకొందాం. ప్రాంతీయ భాషలను నిర్మూలించాలన్న ఆయనే బానిసత్వ నిర్మూలనకు, యూదుల పౌరహక్కులకు గట్టిగా వాదించాడు. వెలుగునీడలు రెండూ ఒకే మనిషిలో ఉండవచ్చునని చరిత్ర నేర్పుతుంది. అలాగే ఇరుదేశాల అనుభవాలను పోల్చేటప్పుడు పోలికతోపాటు భేదాన్ని కూడ గుర్తించాలి.

మనకూ ఫ్రెంచివారికీ సంబంధం పుస్తకాలకే పరిమితం కాదు. గోదావరి పాయ ఒడ్డున ఉన్న యానాం పద్దెనిమిదవ శతాబ్దం నుండి ఫ్రెంచి స్థావరంగా ఉండి, 1954లో భారతదేశంలో కలిసింది. చట్టరీత్యా విలీనం 1962లో పూర్తి అయింది. నేడు అది పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో భాగం. హైదరాబాదులోని మూసారాంబాగ్ పేరు నిజాం కొలువులో పనిచేసి 1798లో మరణించిన రేమోఁ అనే ఫ్రెంచి సేనాని పేరు నుండి వచ్చింది. స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వం అన్న మాటలు మన రాజ్యాంగ పీఠికలో ఉన్నాయి. అయితే ఈ భావాలను తాను ఫ్రెంచి విప్లవం నుండి కాక బుద్ధుని బోధల నుండి గ్రహించానని డా. బి. ఆర్. అంబేద్కర్ 1954లో ఒక రేడియో ప్రసంగంలో స్పష్టం చేశారు. ఒకే విలువను రెండు సమాజాలు తమతమ మూలాల నుండి తెచ్చుకోగలవని దీనివలన తెలుస్తున్నది.

మార్కులు అవసరమే. వాటి కోసం క్రియారూపాలను నేర్వవలసిందే. కాని 'గ్రెవ్' అన్నప్పుడు నదీతీరాన నిలిచిన కూలీని, 'సిత్వాయెన్' అన్నప్పుడు ఒలాఁప్ ద గూజ్‌ను, 'ఆఁగజే' అన్నప్పుడు యానాం రేవును తలచుకోగలిగిన విద్యార్థికి ఆ పదాలు పరీక్ష తరువాత కూడ మిగులుతాయి. అదే దృష్టితో 'వెట్టి', 'అడ్డా', 'వాడ' అన్న మన మాటలను పరిశీలించినప్పుడు అతనికి తన సమాజం కూడ అర్థమవుతుంది.

కఠిన పదాలకు అర్థాలు

వెట్టి = కూలి లేని బలవంతపు పని
చరాస్తి = ఒక చోటి నుండి మరొక చోటికి తీసుకుపోదగిన ఆస్తి
నిబద్ధత = కట్టుబడి ఉండటం
ప్రస్ఫుటంగా = స్పష్టంగా కనిపించే విధంగా
ఆమడ = దూరాన్ని తెలిపే పాత కొలత
సార్వత్రికం = అంతటా వ్యాపించినది
సౌభ్రాతృత్వం = సోదరభావం
అమహద్వాచకం = పురుషులను కాక తక్కినవాటిని తెలిపే పదం

అభ్యాసం

I. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. 'సిత్వాయెన్' అనే పదం ఆధారంగా ఫ్రాన్సులో స్త్రీల హక్కుల పరిణామాన్ని వివరించండి.
2. ఒప్పందపు కూలీల చరిత్రకూ తెలుగువారికీ గల సంబంధాన్ని తెలుపండి.
3. 'బాఁల్యో' అన్న పదం నేటి సామాజిక సమస్యకు ఎలా సంకేతమైనదో చర్చించండి.

II. సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. 'గ్రెవ్' అనే పదానికి అర్థం ఎలా మారింది?
2. 'లాయిసితే'కు 'లౌకికవాదం' పూర్తిగా సరిపోదని ఎందుకు చెప్పవచ్చు?
3. ఫ్రాన్సు బడులలో ప్రాంతీయ భాషలపట్ల ఎటువంటి వైఖరి ఉండేది?
4. పదాధ్యయనంలో వేసుకోవలసిన నాలుగు ప్రశ్నలు ఏవి?

III. ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. 'స్త్రీల, పౌరురాండ్ర హక్కుల ప్రకటన'ను ఎవరు రచించారు?
2. ఫ్రెంచి వలసలలో బానిస విముక్తి శాసనం ఏ సంవత్సరంలో వచ్చింది?
3. రెయూనియోఁ ద్వీపపు పూర్వనామం ఏమి?
4. మూసారాంబాగ్‌కు ఆ పేరు ఎవరి వలన వచ్చింది?

IV. సందర్భసహిత వ్యాఖ్యలు
1. ఉద్దేశం సమానత్వమే, మార్గం నిర్మూలనం.
2. ఆ పిలుపులో మాత్రం వారి ఊరు లేదు, భాష లేదు.
3. మిగిలిన సగాన్ని చరిత్ర చెప్పాలి.

V. సంధులు
పరభాషాధ్యయనం = పరభాషా + అధ్యయనం - సవర్ణదీర్ఘ సంధి
అత్యవసరం = అతి + అవసరం - యణాదేశ సంధి
యుద్ధానంతరం = యుద్ధ + అనంతరం - సవర్ణదీర్ఘ సంధి
గౌరవార్థం = గౌరవ + అర్థం - సవర్ణదీర్ఘ సంధి

VI. సమాసాలు
స్త్రీపురుషులు = స్త్రీలును, పురుషులును - ద్వంద్వ సమాసం
నదీతీరం = నది యొక్క తీరం - షష్ఠీ తత్పురుష సమాసం
సమాన హక్కులు = సమానమైన హక్కులు - విశేషణ పూర్వపద కర్మధారయ సమాసం
మూడు వారాలు = మూడు సంఖ్య గల వారాలు - ద్విగు సమాసం

VII. కృత్యం
మీ ఊరిలో పనికి, నివాసానికి, కూలికి సంబంధించి వాడే ఐదు పదాలను పెద్దలను అడిగి సేకరించండి. ఒక్కొక్క పదానికి పూర్వార్థాన్ని, నేటి అర్థాన్ని పట్టికగా రాసి, ఆ మార్పునకు కారణాలను తరగతిలో చర్చించండి.